కంచరగాడిదల పల్లాలు

పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా
ముమ్మిడివరం దాటి లంక రేవులో నేను దిగిన పొద్దున
మందుల పెట్టె అందుకున్నవాడు పల్లాలు.
ఎత్తే ముందు రెండు కొసలూ పట్టి బరువు చూశాడు,
తన నెత్తికి కాదు,
ఏదో జంతువు వీపుకి కట్టబోతున్నట్టు.

అరవై గొడ్లు అతని చేతి కింద.
ఎవరివో గేదెలు, ఎవరివో ఆవులు,
తనదంటూ ఒక కుంటి పెయ్య.
అన్నిటి మెడల్లోనూ గంటలే:
ఇత్తడివి, ఇనపవి,
గంట దొరక్కపోతే పాలడబ్బాలో గులకరాయి.
"ఇంత మోతేంటి పల్లాలూ, నిద్ర పట్టి చావదు" అంటే
"మోత లేకపోతే నాకు పట్టదండి" అనేవాడు.

యుద్ధానికెళ్లొచ్చాడని రేవంతా ఎరుగును.
బర్మా వైపు.
తుపాకీ పట్టావా తాతా అని పిల్లలడిగితే
పలుపు పట్టానురా అనేవాడు.
మిగిలింది ఒక మిలట్రీ కోటు,
దాని జేబు నిండా ఉప్పుగల్లు,
ఏ గొడ్డు మూతి పెట్టినా నాకనిచ్చేవాడు.

ఎర్రనీళ్లు తీసిన భాద్రపదం.
తాటిపళ్లు రాలుతున్న తెల్లారుజామున
పెయ్య గొంతులో టెంక అడ్డుపడింది.
పొట్ట డప్పయింది. నోట నురగ. కళ్లు తేలేస్తోంది.
డాక్టరుగారు గోదారికి అవతల.
నేను కత్తి తీశాను.
"మెడ గట్టిగా పట్టుకో" అన్నాను.

పట్టుకోలేదు.
వరదలో తోకలు పట్టి మందని ఒడ్డెక్కించిన చేతులు
తడిసిన గోనెసంచుల్లా వేలాడాయి.
"ఆ చోటు ఇంతకుముందే పట్టుకున్నానండి" అన్నాడు.
"నలభై మూడు సార్లు."

అడవిలో ఓండ్రపెడితే జపానోడు వింటాడని
కంచరగాడిదలకి గొంతు తీయించారట.
కోసేది డాక్టరు.
తల ఒళ్లో పెట్టుకోవడం పల్లాలు వంతు.
మత్తు దిగాక ఒక్కొక్కటీ లేచి నోరు తెరిచేది.
పళ్లు కనపడేవి, నాలిక కనపడేది,
గాలొచ్చేది.
"నాకేసి చూసేవండీ,
చెప్పాల్సిన మాట మర్చిపోయినోళ్లలాగ."
కొండలెక్కాయి. వాగులు దాటాయి.
ఓ రాత్రి వానలో వరస నడుస్తుంటే
చివరిది ఊబిలో దిగిపోయింది.
తెల్లారి వెనక్కి తిరిగితే
తెగిన పలుపు.
"అరిచుంటే తెలిసేది కదండీ."

ఇదంతా నాకు చెప్పాడంటాను గాని
నాతో చెప్పలేదు, పెయ్య చెవిలో చెప్పాడు,
చెబుతూనే కోటు విప్పాడు,
భుజం దాకా ఆముదం పూసుకున్నాడు.
దవడల మధ్య వెదురుముక్క నిలబెట్టి
చెయ్యి లోపలికి పోనిచ్చాడు.
వెదురు పగిలింది. పళ్లు దిగాయి.
కిక్కురుమనలేదు, మనిషి.
మోచెయ్యి దాకా రక్తంతో
పీచు పీచుగా టెంక బయటికొచ్చింది.

పెయ్య లేచి నిలబడింది.
నోరు తెరిచింది.
పళ్లు కనపడ్డాయి, నాలిక కనపడింది.
పల్లాలు ఆ నోటికేసే చూస్తున్నాడు.
నేను పల్లాలు కేసి చూడలేక
పడవల్ని లెక్కపెట్టాను, మూడున్నాయి,
మళ్లీ లెక్కపెట్టాను.

అప్పుడరిచింది.
చీలిన బూరలాంటి అరుపు,
అరవై మెడలు ఒక్కసారే లేచాయి,
ఇత్తడీ ఇనుమూ డబ్బాలో రాయీ.
"ఆ" అన్నాడు పల్లాలు,
పిలిస్తే పలికినట్టు.

మధ్యాహ్నం రిజిస్టరు రాశాను.
పెయ్య ఒకటి. గొంతులో టెంక. చేతితో తీయబడినది.
వైద్యం చేసినవారు అన్న గడిలో నా పేరే రాశాను,
రూలు అలాగే ఉంది.
అతని చేతికి కట్టిన దూది, అయొడిన్
ఏ పద్దు కింద చూపాలో తెలీక
ఒక గేదె ఖాతాలో వేశాను.